తిప్పక్క చేటలో రాళ్లు

గురువారం మధ్యాహ్నం. మా అత్త ఇంట్లో, వీధి తలుపు లోపలి వసారాలో ఆడవాళ్లు తలలు వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని టీలోకి అల్లం దంచుతున్నాను. ఏరిన రాయిని పక్కనున్న సత్తు గిన్నెలో వేస్తే టింగుమంటుంది. ఆ టింగుటింగుల మధ్య ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతుంటారు. చెప్పేవాళ్లూ తల ఎత్తరు, వినేవాళ్లూ ఎత్తరు.

ఎవరి చేట వాళ్లు తెచ్చుకుంటారు గానీ ఎవరి బియ్యం వాళ్లు ఏరుకోరు. కూర్చోగానే తన చేట కుడిపక్క మనిషి ముందు పెట్టి, ఎడమపక్క మనిషి చేట తను తీసుకోవాలి. ఈ పద్ధతి పెట్టింది మా వన్నూరమ్మత్త. మన బియ్యంలో రాయి మన కంట పడదు, పంటి కిందే పడుతుంది అంటుంది ఆమె.

ఇదే మా ఊరి మానసిక ఆరోగ్య సహాయక బృందం. ఆ పేరు పైవాళ్ల కాగితాల్లో ఉంటుంది. ఊళ్లో మాత్రం వన్నూరమ్మ వసారా అంటారు.

అత్త ఒకప్పుడు గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల సంతలన్నీ తిరిగిన మనిషి. ఒక మంగళవారం సంత మధ్యలో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, గాజుల మీదే కూలబడింది. గుండెకు ఏమీ కాలేదని పెద్దాసుపత్రిలో తేల్చారు. ఇది భయం జబ్బని చెప్పి మాత్రలిచ్చారు. దడ తగ్గింది గానీ ఆనాటి నుంచి ఆమె పాదం ఇంటి గడప దాటలేదు. దాటబోతే కాళ్ల కింద నేల లేనట్టుంటుందంటుంది. బయటి పనులకు మనిషి కావాలి గనక మా నాన్న నన్ను తెచ్చి తన అక్క దగ్గర దింపాడు. నలుగురిలో కూర్చుంటే మంచిదని ఊళ్లోకి వచ్చే నర్సమ్మ చెప్పింది. అత్త నలుగురి దగ్గరికి పోలేదు కాబట్టి నలుగురే ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

మొదట వచ్చింది ఎదురింటి హుసేన్‌బీ. ఆమె నవ్వితే సందు చివరి కుక్క లేచి కూర్చుంటుంది. మొగుడు పోయాక నవ్వు ఎక్కువైందని తనే చెప్పుకుంటుంది. తర్వాత సందు మలుపు అవతల ఉండే తిప్పక్క వచ్చింది. పెళ్లీడు కూతురు జ్వరంతో పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు, మాట కూడా లేదు. చాలా వారాలు ఊరికే కూర్చుని రాళ్లు ఏరింది. ఒకరోజు చేతిలోని గింజలతో చెప్పినట్టుగా, తన బిడ్డకు జడ వేస్తే ఒక పట్టాన నిలిచేది కాదనీ, జుట్టు అంత నున్నగా ఉండేదనీ చెప్పింది. ఎవరూ తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమె అక్కడితో ఆపేసేది. ఆ మధ్యాహ్నం కూతురి గురించి ఎన్నో చెప్పింది. మరుసటి వారం వచ్చినప్పుడు, రొంతసేపు నిద్ర పట్టిందని అంది.

తిప్పక్క బియ్యంలో మాత్రం రాళ్లు చాలా ఎక్కువ. అందరూ తెచ్చేది ఒకే రేషన్ కొట్టు బియ్యం. మిగతావాళ్ల చేటల్లో వెతికి వెతికి ఒకటో రెండో పట్టుకోవాలి. తిప్పక్క చేటలో మాత్రం పిడికెడు దొరికేవి. సందు మలుపులో సిమెంటు రోడ్డు వేస్తామని పోసి, మరిచిపోయిన సన్న గరుసు కుప్ప ఒకటి ఉంది. ఆ కుప్పలో రాళ్లూ, తిప్పక్క చేటలో రాళ్లూ ఒక తల్లి బిడ్డల్లా ఉండేవి. చేటలో రాళ్లు అయిపోతే లేచి ఇంటికి పోవాలి. ఇంట్లో ఉన్నవి గోడలే. ఈ సంగతి అందరికీ తెలుసు. అన్నిటి మీదా జోకులు వేసే హుసేన్‌బీ కూడా దీని మీద ఒక్కటీ వేయలేదు. తిప్పక్క చేట తన ముందుకు వచ్చిన రోజున, నిదానంగా ఏరాలబ్బా, కండ్లు కనబడి చావట్లేదు అనేది. ఆమెకు సూదిలో దారం ఎక్కించడానికి అద్దాలు అక్కర్లేదు.

ఇలా బాగానే ఉన్నాము. మేము బాగున్న సంగతి జిల్లాకు తెలిసింది.

జిల్లాలో మనోబల సమితి అని ఒకటి ఉంది. మండలానికి ఇన్ని చొప్పున బృందాలు పెట్టింది. వాటికి బ్యానరు, ప్లాస్టిక్ కుర్చీలు, బ్యాడ్జీలు, నిలబడి చేసే ప్రతిజ్ఞ ఉన్నాయి. జనం వచ్చి, ప్రతిజ్ఞ చేసి, టిఫిన్ తిని వెళ్లిపోతున్నారు. నిద్ర పడుతోందా, ఆకలి అవుతోందా అని నర్సులు అడిగితే, టిఫిన్ రోజున ఆకలి బాగానే అవుతోందని చెబుతున్నారు. బ్యానరూ ప్రతిజ్ఞా లేని మా వసారాలో మాత్రం అందరికీ నిద్ర పడుతోంది. ఇది సమితికి మింగుడు పడలేదు. ఇందులోని గుట్టు కొలిచి తెమ్మని ప్రభావ మాపన విభాగం ఉపసంచాలకులు డాక్టర్ చంద్రమౌళి గారిని పంపించారు. ఆయన మందుల డాక్టరు కాదు. పశుగ్రాసం దిగుబడిని ముందుగా అంచనా వేయడం మీద డాక్టరేటు తీసుకున్నారు. మర్యాదస్తులు. చెప్పులు విప్పి, నాకు కూడా నమస్కారం పెట్టి లోపలికి వచ్చారు.

"ఈ బృందమునందు క్రియాశీలమైన అంశమేదో శాస్త్రీయంగా వేరుచేసి, దానిని జిల్లా అంతటా విస్తరింపజేయుటయే మా విభాగ ధ్యేయం," అన్నారు.

ఏమంటున్నాడని హుసేన్‌బీ అడిగింది. మనం ఎందుకు బాగున్నామో కనుక్కుంటాడంట అని అత్త చెప్పింది. బాగలేనోళ్ల దగ్గరికి పోయి ఎందుకు బాగలేరో కనుక్కోవచ్చు కదా, అదైతే వాళ్లే చెబుతారు అంది హుసేన్‌బీ. ఆయన ఆ మాటను లబ్ధిదారుల సూచనల కింద రాసుకున్నారు.

ఆ రోజు నుంచి ప్రతి గురువారం కొలతలు మొదలయ్యాయి. మోకాలికీ మోకాలికీ మధ్య దూరం టేపుతో కొలిచి దానికి సాన్నిహిత్య సూచిక అని పేరు పెట్టారు. నిట్టూర్పులు లెక్కబెట్టడానికి ఒక గడియారం తెచ్చారు. ముక్కుతో వదిలింది నిట్టూర్పు కాదనీ, నోటితో వదిలి భుజాలు దిగితేనే నిట్టూర్పనీ నిర్వచనం ఉంది. ఒకసారి హుసేన్‌బీ నిట్టూర్చినప్పుడు ఆయన టేపు చుట్టుకుంటున్నారు. దయచేసి మళ్లీ ఒకసారి నిట్టూర్చమని కోరారు. ఆమె ఈసారి ఇంకా బాగా నిట్టూర్చింది. దాన్ని ఆయన ధ్రువీకరించారు.

నవ్వు కొలవడానికి ఒక యంత్రం ఉండేది. హుసేన్‌బీ నవ్వుకు దాని ముల్లు చివరికంటా పోయి అక్కడే ఇరుక్కుంది. ఒక మనిషి నవ్వు మొత్తం జిల్లా సగటును పెంచేస్తోందని, శాస్త్రం ప్రకారం ఇటువంటి అసాధారణ విలువను తొలగించాలని ఆయన చెప్పారు. అందువల్ల నవ్వు వచ్చినప్పుడల్లా హుసేన్‌బీ లేచి, పెరట్లోకి పోయి, నవ్వేసి వచ్చి కూర్చునేది. అయిపోయింది సారూ అని చెప్పేది కూడా. పెరటి తలుపు లోపలిదే కాబట్టి అది బయటికి పోవడం కింద రాదని ఆయన తీర్పు ఇచ్చారు.

ఎందుకంటే బయటికి పోవడం చాలా పెద్ద విషయం. సమావేశం మధ్యలో ఎవరైనా లేచి ఇల్లు దాటితే దానిని మధ్యలో నిష్క్రమణ అంటారు. బృంద వైఫల్యానికి అదే ప్రథమ లక్షణం. దానికి పోయినన్ని మార్కులు ఇక దేనికీ పోవు. మిగతా బృందాల్లో టిఫిన్ పెట్టిన మరుక్షణం నిష్క్రమణలే. మా బృందంలో ఒక్కటి కూడా లేదు. మా అత్తదైతే హాజరు సంపూర్ణం, నిష్క్రమణ శూన్యం. జిల్లాలో ఇంకెవరికీ అటువంటి రికార్డు లేదు. ఇది ఎలా సాధ్యమైందని ఆయన వినయంగా అడిగారు.

"నేను యాడికీ పోలేను సారూ," అంది అత్త.

ఆయన కళ్లు చెమర్చాయి. అచంచల నిబద్ధత అని రాసుకున్నారు.

తర్వాత తీసివేతల దశ వచ్చింది. ఒక్కొక్క అంశాన్నీ తీసేస్తూ పోతే, దేన్ని తీసినప్పుడు బృందం చెడిపోతుందో అదే అసలు అంశమని సిద్ధాంతం. ముందు టీ తీసేశారు. ఆయన జీపు వెళ్లిపోగానే అందరూ టీ తాగారు. బృందం చెడలేదు. చాప తీసేశారు. నేల చల్లగా ఉందని అందరూ సంతోషించారు. మాటలు తీసేశారు. ఆ రోజు తిప్పక్క అందరికన్నా హాయిగా ఉంది. చివరికి మా అత్తను తీసేయాలని అనుకున్నారు గానీ ఇల్లు ఆమెది కావడం వల్ల పూర్తిగా సాధ్యపడలేదు. లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఆడవాళ్లు తలుపు సందులోంచి చేట లోపలికి తోశారు. ఆమె ఏరి మళ్లీ బయటికి తోసింది. బృందం చెడలేదు. వన్నూరమ్మ అను వ్యక్తి ప్రభావశీలత నిరూపణ కాలేదు అని రాశారు.

మిగిలింది బియ్యం. ఒక గురువారం ఆయన పట్నం నుంచి తళతళలాడే సంచుల్లో బియ్యం తెచ్చి, మావాళ్ల చేటల్లో ఉన్న బియ్యం పక్కన పెట్టించి, వీటిని పోయించారు. మల్లెమొగ్గల్లాంటి బియ్యం. అందరూ చేటలు మార్చుకున్నారు. వేళ్లతో అటు కదిపారు, ఇటు కదిపారు. ఏరడానికి ఏమీ లేదు. చేతులు ఆగిపోయాయి. చేతులు ఆగేసరికి తలలు లేచాయి. ఒకరి ముఖం ఒకరికి కనబడింది. ఎదురుగా ఉన్న మనిషి తన దుఃఖమంతా తెలిసిన మనిషని అప్పుడే గుర్తొచ్చినట్టు అందరూ సిగ్గుపడ్డారు. ఎండలు ముదిరాయి అంది హుసేన్‌బీ. అవును అన్నారు. ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. తిప్పక్క పక్కన పెట్టిన తన గరుసు బియ్యం వైపు ఒకసారి చూసి, దాన్ని ఎత్తుకుని లేచింది. ఆయన సమావేశం ముగిసినట్టు ప్రకటించే లోపే అందరూ లేచి చేటలు చంకన పెట్టుకున్నారు. ఆ వారం నర్సమ్మ వచ్చి అడిగితే ఎవరికీ నిద్ర సరిగా లేదు.

చంద్రమౌళి గారికి కూడా ఆ వారం నిద్ర లేదట, సంతోషంతో. పై గురువారం వచ్చీ రాగానే సత్తు గిన్నెలోంచి ఒకదాన్ని రెండు వేళ్లతో తీసి పైకెత్తి చూపించారు.

"రాయి," అన్నారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నర్సమ్మ మాకు చదివి వినిపించింది. ఇందుమూలముగా యావన్మంది మండల బృంద నిర్వాహకులకు తెలియజేయునది ఏమనగా, మానసిక స్వస్థతకు మూలకారకము శిలాకణమని శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, ఇకపై ఏ బృందమునూ రాళ్లు లేని బియ్యముతో నిర్వహింపరాదు. స్వల్ప దిగులునకు చిటికెడు, మధ్యస్థ దిగులునకు గుప్పెడు, తీవ్ర దిగులునకు దోసెడు. నమలరాదు.

దీనికి పౌర సరఫరాల వాళ్లు అడ్డం తిరిగారు. మిల్లుల్లో కొత్త యంత్రాలు పెట్టించి బియ్యంలో రాళ్లు లేకుండా చేయడానికి తమకు ఏళ్లు పట్టిందనీ, ఇప్పుడు వాటిని వేయమంటే తమ పరువేం కావాలనీ అడిగారు. పెద్దవాళ్లు కూర్చుని రాజీ చేశారు. రాళ్లు తీసే పని వాళ్లే చేయాలి. తిరిగి వేసే పని మనోబల సమితి చేస్తుంది. రెండు శాఖలూ తమ తమ లక్ష్యాలు సాధించినట్టు అదే సంవత్సరం నివేదికలు ఇచ్చాయి.

జిల్లా అంతా బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. మండల ఆఫీసులో గుమాస్తాలు ఏరారు. స్టేషన్లో కానిస్టేబుళ్లు టోపీలు పక్కన పెట్టి ఏరారు. అయితే ఒక్కొక్కరికి ఒక చేట ఇచ్చి, ఎవరిది వాళ్లే ఏరాలని, త్వరగా ఏరినవారికి స్టీలు డబ్బా బహుమతి అని నిర్వాహకులు ప్రకటించారు. దాంతో ప్రార్థనా గీతం పూర్తయ్యేలోపే ఏరడం పూర్తయ్యేది. నలుగురైదుగురు బాగా ఏరేవాళ్లు తయారై, ఊరూరా పోటీలకు తిరిగి డబ్బాలు గెలుచుకున్నారు. దిగులు మాత్రం తగ్గలేదు. రాళ్ల నాణ్యత సరిగా లేకపోవడమే కారణమని సమితి తేల్చింది. అప్పుడు టెండరు పిలిచి, మనోబల కణాలు అని పొట్లాలు కట్టించారు. పొట్లం మీద నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మ ఉంటుంది. ఆమె పళ్లు చాలా బాగుంటాయి.

రాళ్లను కడిగి, జల్లించి, ఆరబెట్టి, పొట్లం కట్టేసరికి అవి బియ్యం కన్నా ప్రియమయ్యాయి. కంట్రాక్టరు తెలివైనవాడు. రాళ్లలో నూకలు కల్తీ చేశాడు. ఫిర్యాదులు వచ్చాయి. స్వచ్ఛమైన రాళ్లు అందేలా చూడడానికి సమితి ఆఫీసు వెనక గదిలో శిలా శుద్ధి విభాగం అని పెట్టి, కొందరు ఉద్యోగులను కూర్చోబెట్టింది. వాళ్లు పళ్లేల్లో రాళ్లు పోసుకుని, తలలు వంచుకుని నూకలు ఏరేవాళ్లు. పళ్లేలు తక్కువ కావడంతో ఒకరి పళ్లెం ఒకరు అందుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఒకాయన, పళ్లెంతో చెప్పినట్టుగా, పక్షవాతం వచ్చిన తన తల్లికి స్నానం చేయించడం గురించి చెప్పాడట. ఎవరూ తల ఎత్తలేదట. తర్వాత ఇంకొకరు చెప్పారట. ఇప్పుడు వాళ్లు ఆదివారాలు కూడా వచ్చి కూర్చుంటున్నారనీ, ఆ గదిలో వాళ్లకు పట్టినంత మంచి నిద్ర జిల్లాలో ఎవరికీ పట్టడం లేదనీ నర్సమ్మ చెప్పింది. అది నమోదైన బృందం కాదు గనక ఎవరూ కొలవలేదు.

మా వసారాకు మూల బృందం అని పేరు వచ్చింది. గోడకు బోర్డు కొట్టారు. మేకు దిగిన చోట సున్నం పెచ్చు ఊడింది. ఇక్కడి చేటల్లో కూడా పొట్లం రాళ్లే వేయాలన్నారు. సమావేశం తర్వాత వాటిని తూచి తిరిగి అప్పగించాలి. మావాళ్లు దీనికి కూడా అలవాటు పడ్డారు. రాయి ఎవరిదైతే ఏమి, టింగుమంటే చాలు.

కానీ లెక్క కుదరలేదు. ఇచ్చిన రాళ్ల కన్నా తిరిగి వచ్చిన రాళ్ల తూకం ప్రతి వారమూ ఎక్కువగా ఉంటోంది. ఆడిట్ వాళ్లు ఉలిక్కిపడ్డారు. ఇచ్చినదానికన్నా తక్కువ రావడం వాళ్లకు తెలుసు, దానికి పద్ధతులున్నాయి. ఎక్కువ రావడం ప్రభుత్వంలో ఇంతకు ముందు ఎప్పుడూ జరగలేదట. చంద్రమౌళి గారు భూతద్దం పట్టుకుని వచ్చారు.

ఆయన సత్తు గిన్నెను కాగితం మీద బోర్లించి, రాళ్లను రెండు కుప్పలుగా విడదీశారు. ఒక కుప్ప పొట్లం రాళ్లు. నున్నగా, తెల్లగా ఉన్నాయి. రెండోది బూడిదరంగు గరుసు. వసారాలో టింగుటింగులు ఆగిపోయాయి.

ఇవి అనధికార శిలలని ఆయన చెప్పారు. ఎవరి చేటలోంచి వచ్చాయని అడిగారు. హుసేన్‌బీ ముందున్న చేటలో అటువంటివి ఇంకా ఉన్నాయి. అది నీదేనా అని అడిగారు. చేటలు మార్చుకునే సంగతి ఆయన ఎన్నోసార్లు కొలిచారు గానీ ఆ సమయానికి గుర్తు రాలేదు.

"నాదే సారూ," అంది హుసేన్‌బీ వెంటనే. "నా బుద్ధే అంత. రాళ్లేసుకోని తింటా. పండ్లు గట్టిపడతాయని."

ఆమె నవ్వడానికి పెరట్లోకి పోలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. ఆయన నవ్వక, కోప్పడక, ఎక్కడ నుంచి తెచ్చావని నిదానంగా అడిగారు. ఇంటి ముందు నుంచి అంది. ఆయన లేచి వెళ్లి ఎదురింటి ముందు చూసి వచ్చారు. అక్కడ పేడ అలికిన నేల తప్ప ఏమీ లేదు. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకు కావలసింది లెక్క కుదరడం. అందుకే మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు.

"ఆయమ్మను అడగొద్దండి," అంది తిప్పక్క. "అయి నా రాళ్లు. నేనే ఏసుకొస్తాండా."

ఆమె అంత గట్టిగా మాట్లాడడం మేము ఎప్పుడూ వినలేదు. ఎందుకు వేసుకొస్తున్నావని ఆయన అడిగారు. తిప్పక్క తల ఎత్తి అందరి ముఖాలూ చూసింది. అందరూ ఆమె వైపు చూడకుండా చేటల్లోకి చూస్తున్నారు. వీళ్లందరికీ ముందే తెలుసునని ఆమెకు అప్పుడు తెలిసింది. చీర చెంగు తలమీదికి లాక్కుని, సమావేశం ముగిసిందా సారూ అని అడిగింది. ముగిసిందన్నారు. చేట ఇక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

స్వచ్ఛందంగా ఒప్పుకున్నందువల్ల ఆమెపై చర్య ఏమీ ఉండదనీ, హెచ్చరికతో సరిపెడుతున్నామనీ ఆయన మాకు ధైర్యం చెప్పారు. మరుసటి రోజు బోర్డు కింద ఇంకొక చిన్న బోర్డు కొట్టారు. బయటి రాళ్లు తీసుకురాకూడదు.

పై వారం తిప్పక్క రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీయలేదు. ఒంట్లో బాగలేదా అని అడిగాను.

"నా బియ్యంలో రాళ్లు లేవు పాపా," అంది లోపలి నుంచి. "ఇంగ ఏం పెట్టుకోని వచ్చేది?"

వచ్చి అత్తకు చెప్పాను. హుసేన్‌బీ పోయి తలుపు బయట నిలబడి తనకు తెలిసిన జోకులన్నీ వేసి వచ్చింది. అత్త పంపిన సంగటి గిన్నె మూత తీయకుండానే గడప బయట పెట్టి ఉంది. మూడోరోజు పక్కింటివాళ్లు చెప్పారు, పొయ్యి వెలిగించిన జాడ లేదని, రాత్రంతా లోపల తిరుగుతున్న అడుగుల చప్పుడు వినబడుతోందని. ఆ మాట విని అత్త గడప దాకా వచ్చింది. తలుపు రెక్క పట్టుకుంది. కుడికాలు ఎత్తింది. ముఖమంతా చెమటలు పట్టి, ఎత్తిన కాలు ఎత్తిన చోటే దించి, వెనక్కి వచ్చి కూర్చుంది. తిప్పక్క చేట ముందుకు లాక్కుని అందులో ఉన్న ఆ కాసిని బియ్యం ఏరసాగింది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది. అందులో ఒక్క రాయి కూడా మిగల్లేదు.

ఈలోగా జిల్లాలో ఉత్తమ హాజరు పురస్కారం మా అత్తకు వచ్చింది. సభకు తీసుకుపోవడానికి కారు పంపారు. కారు సందులో పట్టక మలుపులో గరుసు కుప్ప పక్కన ఆగింది. అత్త రాదని నేను పోయి చెప్పాను. డ్రైవరు మా ఇంట్లో భోంచేసి, కాసేపు కునుకు తీసి, ఖాళీ కారుతో వెళ్లిపోయాడు. సభకు కూడా రాకుండా తన బృందాన్ని అంటిపెట్టుకున్న మహిళ అని పైవాళ్లు ఇంకా పొంగిపోయారు. శాలువా తామే తెచ్చి ఇంట్లో కప్పుతామని కబురు పెట్టారు.

గురువారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. చంద్రమౌళి గారు శాలువాతో, ఒక ఫోటోగ్రాఫరుతో వచ్చారు. ఆడవాళ్లు పొట్లం రాళ్లు ఏరుతున్నారు. తిప్పక్క చోటు ఎవరూ ఆక్రమించలేదు. మధ్యలో ఊడిన పన్నులా ఉంది ఆ ఖాళీ. ఆ చోటుకు ఎడమపక్క మా అత్త. ఆమె ఒడిలో తిప్పక్క చేట.

ఆయన గోడకు ఒక పటం తగిలించి, పుల్లతో చూపిస్తూ మాట్లాడారు. ఒకరు గైర్హాజరు కావడం వల్ల సాన్నిహిత్య సూచిక స్వల్పంగా పడిపోయినా, మోకాళ్లు దగ్గరికి జరుపుకుంటే అది సరిపోతుందని చెప్పారు. అల్లం రోట్లో అలాగే ఉంది. నేను దంచడం మానేసి అత్తను చూస్తున్నాను. ఆమె ఆయన మాటలు వినడం లేదు. ఆ ఖాళీని చూస్తోంది.

"ఈ బృందము ప్రారంభమైన నాటి నుండి నేటి వరకు, సమావేశ మధ్యమున గడప దాటినవారు ఒక్కరును లేరు," అన్నారు ఆయన. "ఈ ఘనత ప్రధానముగా శ్రీమతి వన్నూరమ్మ గారికే చెందుతుంది."

శాలువా విప్పి రెండు చేతులతో పట్టుకున్నారు. అత్త లేచి నిలబడింది. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. అత్త తిప్పక్క చేటను చంకన పెట్టుకుని, శాలువా పక్క నుంచి గడప వైపు నడిచింది.

గడప దగ్గర ఆగింది. తలుపు రెక్క మీద చేయి వేసింది. ఆ చేతి కింద రెక్క గొళ్లెం చిన్నగా కొట్టుకోవడం వినబడుతోంది. నేను లేవబోయాను. హుసేన్‌బీ నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకో చేత్తో చెంగు నోట్లో కుక్కుకుంది. మిగతావాళ్లు తలలు ఎత్తలేదు. చేటల్లో వేళ్లు ఆడిస్తూనే ఉన్నారు, కానీ ఒక్క రాయి కూడా గిన్నెలో పడలేదు.

గొళ్లెం చప్పుడు ఆగింది. అత్త గడప అవతల ఉంది.

కాళ్లకు చెప్పులు లేవు. ఆమె చెప్పులు ఎప్పుడో ఎండిపోయి ఎలుకల పాలయ్యాయి.

శాలువాను చాచి పట్టుకునే, ఆవిడ మళ్లీ ఎప్పుడొస్తారని చంద్రమౌళి గారు అడిగారు. ఆయన కాసేపు ఎదురుచూశారు. గడియారం చూసుకున్నారు. తర్వాత శాలువాను నాలుగు మడతలు పెట్టి ఒళ్లో ఉంచుకుని, నిజంగా బాధపడుతూ కలం తీసి రాసుకున్నారు. మధ్యలో నిష్క్రమణ, ఒకటి. మూల బృందం హోదా ఇక నిలబడడం కష్టమని మెల్లగా అన్నారు.

నేను కూర్చున్న చోటు నుంచి కిటికీలో సందు మలుపు దాకా కనబడుతుంది. అత్త ఒక చేత్తో ఇళ్ల గోడలు తడుముకుంటూ, కొత్తగా నడక నేర్చినదానిలా పోతోంది. గోడలు అయిపోయిన చోట ఆగింది. అక్కడ గరుసు కుప్ప తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు. తిరిగి వచ్చేస్తుందనుకున్నాను.

ఆమె వంగి గుప్పెడు గరుసు తీసుకుని చేటలోని బియ్యం మీద చల్లింది. బాగా కలిసేలా చేటను రెండుసార్లు కుదిపింది. దాన్ని మళ్లీ చంకకెత్తుకుని మలుపు తిరిగింది.